చెంగయ్యకు నోటీసు

లాగ్ 1. జూన్ 4, మునక తర్వాత 31వ ఏడు

పేరు: ప్రమీల. ఉద్యోగం: సముద్ర పచ్చిక శాఖలో పరిశోధకురాలు, పదకొండేళ్ళ నుంచీ. పని: సముద్రం అడుగున గడ్డి పెంచడం. ఈ మూడు గడులూ ప్రతి లాగ్‌లో నింపాలని కొత్త ఉత్తర్వు వచ్చింది. నేనెవరో నేను మర్చిపోతానని శాఖకు భయం కాబోలు.

ఏడో నంబరు ప్లాటు నివేదిక. నాటిన మొక్కలు రెండు లక్షల పదకొండు వేలు. రికార్డు ప్రకారం బతికున్నవి రెండు లక్షల పదకొండు వేలు. నేను మునిగి చూస్తే బతికున్నవి పంతొమ్మిది. ఆ పంతొమ్మిదిలో ఒకటి ప్లాస్టిక్ తాడు ముక్క అని పైకొచ్చాక తెలిసింది.

లెక్క కలవకపోవడానికి కారణం ఉంది. చచ్చిన మొక్కను చూపిస్తే తప్ప చచ్చినట్టు రాయకూడదని నిబంధన. నీళ్ళలో చచ్చిన గడ్డి మనం వచ్చి చూసేదాకా ఆగదు, కొట్టుకుపోతుంది. శవం ఉండదు కాబట్టి మా శాఖలో గడ్డికి చావు లేదు.

హాజరు: నేను, పడవ నడిపే మస్తానమ్మ. ఆమెకు ఇవాళ కూడా గైర్హాజరు పడింది. అరచెయ్యి మొత్తం దున్న పలక మీద రెండుసార్లు పెట్టింది. "ముద్ర సరిపోలలేదు. సదరు వ్యక్తి హాజరు కాలేదు" అని దున్న ప్రకటించింది. సదరు వ్యక్తి దాని ముందే నిలబడి దాన్ని తిడుతోంది. నలభై ఏళ్ళు తాళ్ళు లాగిన చేతులవి, గీతలన్నీ అరిగిపోయి నున్నగా ఉంటాయి. ఆరేళ్ళుగా నా పడవ నడుపుతోంది. ఆ ఆరేళ్ళలో ఒక్కరోజు కూడా పనికి రాలేదని రికార్డు. పడవ మాత్రం రోజూ వచ్చిందట.

దున్న అంటే మా శాఖ యంత్రం. అసలు పేరు స్వయంచాలిత పచ్చిక పరిరక్షణ వాహనం. ఆ పేరు పలికేలోపు అది అవతలి గట్టుకు చేరిపోతుంది కాబట్టి కొత్తరేవు జనం దున్న అని పెట్టుకున్నారు. పడవంత ఒళ్ళు, ముందర ఇనప పళ్ళ దంతె, వీపు మీద సోలార్ పలకలు. గడ్డి నాటేది అదే, గీకేది అదే, హాజరు వేసేది అదే, నోటీసులిచ్చేది అదే. నేను రాసే ఈ లాగ్ చదివేదీ అదే.

లాగ్ 2. జూన్ 9

ఐసు పెట్టెల్లో కెల్ప్ అనే సముద్రపు నాచు వచ్చింది.

మా డైరెక్టర్ చక్రపాణిగారు పోయిన నెల ఏదో చల్లటి దేశంలో సభకెళ్ళి అక్కడి సముద్రంలో అడవి చూశారు. తాడిచెట్టంత ఎత్తు నాచు, దాని నీడలో చేపలు. ఇది మనకెందుకు లేదని అక్కడే బాధపడ్డారట. నీళ్ళు ఇరవై డిగ్రీలు దాటితే కెల్ప్‌కు ప్రాణం మీదికొస్తుందనీ, మా నీళ్ళు ముప్ఫయ్యొకటి అనీ రాశాను. "అలవాటు చేయండి" అని జవాబొచ్చింది.

నాటిన నాలుగో గంటకే ఆకులు మెత్తబడ్డాయి. మస్తానమ్మ ఒకదాన్ని వేళ్ళతో నొక్కి చూసింది.

"ఉడికిపోయింది డాక్టరమ్మా. తిరగమాత పెట్టుకోవడమే."

ఈసారన్నా చావు నమోదు చేయిద్దామని చచ్చిన ఆకులు బకెట్లో వేసుకుని దున్న దగ్గరికి తీసుకెళ్ళాను. అది బకెట్లోకి చూసి "ఆహార పదార్థం" అని రాసుకుంది. రికార్డులో ఇప్పుడు కొత్తరేవుకు మూడెకరాల కెల్ప్ అడవి ఉంది. ఆరోగ్యం: బాగు.

లాగ్ 3. జూన్ 15

ఇవాళ తొందరలో రాస్తున్నాను, అక్షరాలు తప్పులుంటే శాఖవారు సర్దుకోవాలి.

ఏడో ప్లాటులో కొలతలు తీస్తుంటే నా రాత పలక చేతిలోంచి జారి, పాటుకు వెనక్కి తీసే నీళ్ళతో పాతరేవు వైపు కొట్టుకుపోయింది. పాతరేవు అంటే మునిగిన ఊరు. మస్తానమ్మ వెంట తరిమింది కానీ పాత బస్టాండు దగ్గరికొచ్చేసరికి ఇంజను ఆపేసింది.

"ఈడికి మించి నేను రాను. అది మా ఆయన వంతు."

"పలక తీసుకుని వచ్చేద్దాం అక్కా, వేటకు కాదుగా."

"నువ్వు పో. నువ్వు మా కులమూ కాదు, మా కుండలో నీకు బిళ్ళా లేదు. నేనెట్టా వస్తా?"

సరేనని దూకాను. రెండు నిలువుల లోతు. నీళ్ళు తేటగా ఉన్నాయి, ముందు దానికే ఆశ్చర్యపోయాను. తర్వాత కింద చూశాను.

గడ్డి. పదకొండేళ్ళుగా నేను ఒక్కో మొక్కకూ నంబరు కట్టి, శాఖ ఇచ్చిన జెల్ పూసి, బతిమాలి, నాటి పోగొట్టుకున్న గడ్డి. నాలుగో నంబరు ప్లాట్‌ఫాం పొడుగునా, టికెట్ కౌంటరు లోపల, సిమెంటు బెంచీల కింద, బస్సులు తిరిగే స్థలమంతా పచ్చగా పరుచుకుని ఉంది. పిడికెడు గడ్డి పక్కకు తీస్తే గోరంత రొయ్య పిల్లలు చిమ్ముకుంటూ పోయాయి. ఒక పీత బెంచీ మీద కూర్చుని ఉంది, బస్సు ఆలస్యమైనట్టు. మాస్కులో ఏడ్చాను. మాస్కులో ఏడిస్తే తుడుచుకునే వీల్లేదు, ఎవరూ ఏడవకండి.

పన్నెండెకరాలు ఉంటుంది. వేరు ముక్క తెచ్చి పరీక్ష చేశాను. నేను నాటిన రకం కాదు. ఎప్పుడో మునకకు ముందు ఈ తీరంలో ఉన్న పాత గడ్డి, దానంతటదే వచ్చింది. కాసేపు ఉక్రోషం వచ్చిన మాట నిజం. నా చేతి గడ్డి ఒక్క పరక కూడా లేదందులో. తర్వాత ఉక్రోషం పోయింది, సంతోషం మిగిలింది.

ఎందుకు బతికిందో మస్తానమ్మ చెప్పాక అర్థమైంది. కొత్తరేవులో వేట స్థలాలకు వంతులుంటాయి. ప్రతి చైత్ర పున్నమికీ ఊరి పెద్ద, పెదకాపు, కుండలోంచి రేకు బిళ్ళలు తీసి ఎవరికే స్థలమో పంచుతాడు. ఏడాది తిరిగాక ఆ బిళ్ళ ఎవరి పేర పడిందో వాడు తన చేత్తోనే తిరిగి కుండలో వెయ్యాలి. వేరేవాళ్ళు వెయ్యకూడదు. ఆరేళ్ళ కిందట బస్టాండు బిళ్ళ మస్తానమ్మ భర్త చెంగయ్యకు వచ్చింది. అందరూ కోరుకునే స్థలం అది. బిళ్ళ తీసిన వేళకు చెంగయ్య వేటకు పోయి ఉన్నాడు, మస్తానమ్మ ఆయన తరఫున అందుకుంది. ఆ వేటలో గాలివాన వచ్చింది, ఆయన తిరిగి రాలేదు. బిళ్ళ ఆయన చేత్తో తిరిగి కుండలో పడలేదు కాబట్టి ఆ స్థలం ఇంకా ఆయనదే. ఆరేళ్ళుగా అక్కడ ఒక్క వల పడలేదు, ఒక్క లంగరు దిగలేదు, బురద లేవలేదు. గడ్డికి కావలసింది అంతే. జెల్ కాదు.

శాఖకు నా విన్నపం: ఇది ఈ తీరంలో ఉన్న ఒకే ఒక్క పచ్చిక. దయచేసి దీన్ని గుర్తించండి.

లాగ్ 4. జూన్ 16

గుర్తించారు.

పొద్దున దున్న పడవలు కట్టే దిమ్మ దగ్గరికొచ్చి చదివింది. "లాగ్ 3 ద్వారా తమరు అందించిన సమాచారమునకు కృతజ్ఞతలు. పాత బస్టాండు ప్రాంతమున నంబరు లేని పచ్చిక పన్నెండెకరాలు ఆక్రమించి యున్నట్లు గమనించడమైనది. ముప్పది దినములలో తొలగించబడును."

"అది ఆక్రమణ కాదు, గడ్డి!"

"నంబరు తెలుపగలరా?"

తల పట్టుకుని కూర్చున్నాను. పన్నెండెకరాలు ఆరేళ్ళు ఎవరి కంటా పడకుండా బతికింది. నేను సంతోషం పట్టలేక నోరు తెరిచాను, దానికి చావు రాసిపెట్టాను. నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

ఇవాళ్టి నుంచి ఈ లాగ్ కాగితం మీద. పాత పోటుపాట్ల పుస్తకం వెనక ఖాళీ పేజీలున్నాయి. శాఖకు పంపే లాగ్‌లో రోజూ "వాతావరణం ప్రశాంతం" అని రాస్తాను.

లాగ్ 5. జూన్ 20

చక్రపాణిగారు తెర మీదికొచ్చారు. వెనక గోడ మీద ఆయన కనిపెట్టిన హరితసాగర్ జెల్ బొమ్మ.

"ప్రమీలగారూ, గడ్డి మీద నాకూ అభిమానమే. కానీ నంబరు లేని గడ్డిని శాఖ ఎలా చూస్తుంది చెప్పండి?"

"కళ్ళతో సార్."

ఆయన నవ్వారు. మంచి మనిషే, నవ్వడం వచ్చు. తర్వాత గొంతు తగ్గించి ఒక దారి చెప్పారు. బస్టాండు గడ్డి మన జెల్ వల్లే పెరిగిందని నేను సంతకం పెడితే ఆ పన్నెండెకరాలకూ నంబర్లు వస్తాయట. దున్న గీకదు. నాకు ఈ ఏటి ఉత్తమ పరిశోధకురాలి శాలువా కూడా.

సిగ్గు విడిచి రాస్తున్నాను, పెన్ను తీశాను. గడ్డి బతకడానికి ఒక అబద్ధం, దానిదేముంది? అప్పుడే గుర్తొచ్చి అడిగాను.

"నంబరొస్తే నెలకోసారి జెల్ కూడా పోస్తారా సార్?"

"తప్పకుండా! నంబరున్న ప్రతి మొక్కకూ. అది దాని హక్కు."

జెల్ పోస్తే వేరుకు ఊపిరాడదు. ఏడో ప్లాటులో రెండు లక్షల మొక్కలు అలాగే పోయాయి. ఆ సంగతి నాలుగేళ్ళ కిందటే రాసి పంపాను. నా వ్యాసం ఇంకా పరిశీలనలో ఉంది. సంతకం పెట్టకపోతే జూలై పదహారున గీకుతారు, పెడితే ఆగస్టుకల్లా జెల్ కింద చస్తుంది. పెన్ను మూత పెట్టేశాను.

లాగ్ 6. జూన్ 30

వారం రోజులు నిబంధనల గ్రంథం చదివాను. నాలుగువందల పేజీలు. నాకంటే ముందు ఎవరూ తెరవలేదు, పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి.

నలభై మూడో నిబంధన దగ్గర ఆగాను. స్థానిక ఆచారం ప్రకారం ఒక వ్యక్తికి చెందిన జలస్థలంలో ఏ తొలగింపు చేయాలన్నా ముందుగా ఆ వ్యక్తి చేతికి నోటీసు ఇవ్వాలి. చేతికే. గోడకు అంటించకూడదు. ఆ వ్యక్తి చనిపోయి ఉంటే వారసుల చేతికి ఇచ్చి అదే రోజు తొలగించవచ్చు.

దున్నకు చూపించాను. అది ఒప్పుకుంది, రాసి ఉన్న ప్రతిదీ ఒప్పుకోవడం దాని స్వభావం. వెంటనే పెదకాపు ఏడుకొండలు ఇంటికి వెళ్ళి స్థలం ఎవరిదని అడిగింది.

ఏడుకొండలు వంతుల కుండ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఊళ్ళో ఆ స్థలం కోసం కాచుక్కూర్చున్న వాళ్ళు చాలామంది. ప్రతి చైత్ర పున్నమికీ ఆయన మస్తానమ్మ గుమ్మం ముందుకెళ్ళి "వదినా, బిళ్ళ సంగతి..." అంటాడు. "మీ అన్ననే అడుగు" అంటుంది ఆమె. ఆయన తల గీరుకుంటూ వచ్చేస్తాడు. ఈ ఏడు మాత్రం సంగతి మారింది. బస్టాండు చుట్టుపక్కల స్థలాల్లో వేసిన వలలకు రొయ్య తగులుతోంది. గడ్డిలో పుట్టిన పిల్లలు పెరిగి బయటికొస్తున్నాయి. పదిహేనేళ్ళలో అంత రొయ్య ఎవరూ చూడలేదని నాతో ఆయనే అన్నాడు.

"బస్టాండు చెంగయ్యదయ్యా," అన్నాడు చివరికి దున్నతో. "బిళ్ళ ఆయన పేరునే ఉండాది."

"సదరు చెంగయ్య ప్రస్తుతము ఎక్కడ ఉన్నారు?"

"ఆ మాట ఆయన ఇంటావిడే చెప్పాల."

మధ్యాహ్నం మస్తానమ్మ దగ్గరికెళ్ళి నలభై మూడో నిబంధన చదివి వినిపించాను. ఆయన లేడని చెబితే నోటీసు నీ చేతికిస్తారు, సాయంత్రానికి గీకేస్తారు. ఉన్నాడని చెబితే ఆయన చేతికే ఇవ్వాలి. ఇంతవరకే చెప్పాను. ఉన్నాడని చెప్పమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆరేళ్ళలో ఆమె ఆయన్ని పోయాడని అనలేదు, ఉన్నాడనీ అనలేదు. వక్కాకు సంచిలో ఆ రేకు బిళ్ళ వేసుకుని తిరుగుతోంది, అంతే. గడ్డి కోసం ఆమెను ఏదో ఒకటి అనమనడం న్యాయమేనా?

ఆమె చేప తోముతూనే విన్నది. తోమిన చేపను తట్టలో వేసి ఇంకోటి తీసుకుంది.

లాగ్ 7. జూలై 4

పది గంటలకు దిమ్మ మీద ఊరంతా నిలబడి ఉంది. దున్న మస్తానమ్మ ముందుకొచ్చింది.

"సదరు చెంగయ్య జీవించి యున్నారా?"

మస్తానమ్మ సంచి తీసి ఒక ఆకు నోట్లో పెట్టుకుంది. నమిలింది.

"యాటకి పోయుండాడు."

"ఎప్పుడు?"

"ఆరేళ్ళయింది."

"తిరిగి వచ్చు సమయము?"

"చేప పడితే వస్తాడు. పడందే వచ్చే మనిషి కాదులే."

దున్న ఏడుకొండలు వైపు తిరిగి సాక్ష్యం అడిగింది. పెదకాపు తలగుడ్డ విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. "అవును. యాటకి పోవడం నేను నా కళ్ళతో చూశా," అన్నాడు. అబద్ధమేమీ లేదు.

"శవము లభ్యమైనదా?"

"లేదు."

"నమోదైనది. శవము లేని యెడల మరణము లేదు. నోటీసు సముద్రముపై వ్యక్తి చేతికే అందజేయబడును. వెతుకులాట నేటి నుండి ప్రారంభము. వ్యక్తి లభించు వరకు తొలగింపు నిలుపుదల."

పదకొండేళ్ళు నేను తిట్టిన నిబంధన అది. దున్న దంతె పైకెత్తుకుని, వెనక్కి తిరిగి, ఏటి మొగ దాటి సముద్రంలోకి వెళ్ళిపోయింది. కుర్రకారు ఈలలు వేశారు. ఏడుకొండలు నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగాడు. నేను మస్తానమ్మ చెయ్యి పట్టుకోబోయాను.

ఆమె నవ్వడం లేదు. దున్న పోయిన వైపే చూస్తోంది.

"ఆరేళ్ళ కింద ఇదే దిమ్మ మీద నిలబడి ఎతకమని ఏడిస్తిని. ఒక్కరూ కదల్లా. ఇప్పుడు గడ్డి గీకడానికి సంతకం కావాలని ఎతకను పోతుండాది చూడు."

రాయకుండా దాటేద్దామనుకున్నాను కానీ ఈ పుస్తకం శాఖది కాదు, నాది. ఆ రోజు దిమ్మ మీద దున్న బాధ్యత నాదే. గాలివాన తగ్గిన మర్నాడు ఈమె వచ్చి యంత్రాన్ని పంపమని అడిగింది. మనుషుల్ని వెతకడానికి దానికి అనుమతి లేదని చెప్పింది నేనే. ఏడో ప్లాటు నాట్లు సగంలో ఉన్నాయి, ఆపకూడదని ఉత్తర్వు. పంపినా దొరికేవాడో కాదో తెలియదు. నేను పంపలేదన్నది మాత్రం తెలుసు. నెల తర్వాత ఆమె నా పడవలో పనికి చేరింది. ఆ మాట ఆమె ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇవాళ ఎత్తాను. "అక్కా, ఆ రోజు నేను..."

"తెలుసులే," అంది. "ఇంజను ఎక్కించు, పాటు తిరగతాంది."

లాగ్ 8. ఆగస్టు 11

దున్న రోజూ పొద్దున వెళ్ళి సాయంత్రం నాలుగింటికి వస్తోంది. వచ్చి నివేదిక చదువుతుంది: ఇన్ని చదరపు మైళ్ళు వెతకడమైనది, హక్కుదారు కానరాలేదు, వెతుకులాట కొనసాగును. మధ్యలో ఎదురైన ఇద్దరు వేటగాళ్ళను మీరు చెంగయ్యేనా అని అడిగింది. ఒకాయన బెదిరిపోయి అవునన్నాడట, తర్వాత చేతి ముద్ర సరిపోక బయటపడ్డాడు.

శాఖలో ఎవరికీ అభ్యంతరం లేదు. పని జరుగుతోంది, నివేదిక వస్తోంది. చక్రపాణిగారు "వెతుకులాటలో కొత్తరేవు ఆదర్శం" అని అభినందన పంపారు. ఏం వెతుకుతున్నారని అడగలేదు. దున్న జెల్ పొయ్యని ఈ నెల రోజుల్లో ఏడో ప్లాటులో పద్దెనిమిది మొక్కలు ముప్ఫై నాలుగయ్యాయి.

మస్తానమ్మలో మార్పొచ్చింది. మొదట్లో దున్న బయల్దేరుతుంటే మొహం తిప్పుకునేది. ఇప్పుడు ముందుగానే వచ్చి నిలబడుతోంది. "ఆ మొన అవతల చూశావా? ఆడ సుడి ఉంటాది. పడవేదన్నా ఇరుక్కుంటే ఆడే ఇరుక్కోవాల," అని చెబుతోంది. దున్న రాసుకుంటుంది. ఊరి గడ్డి కోసం చెప్పిన మాటను ఆమె తన కోసం వాడుకుంటోందని నాకు మెల్లగా అర్థమైంది. ఏమన్నా దొరికితే గడ్డి పోతుంది. దొరకకూడదని నేను రోజూ కోరుకుంటున్నాను, ఆమె పక్కన నిలబడి.

ఇవాళ పడవలో కూర్చుని చెంగయ్య పడవ గురించి చెప్పింది. ఫైబరు పోత పోసిన రోజు, ఆరకముందే, ఈమె అరచెయ్యి పట్టి పడవ మొన లోపల అచ్చు వేశాడట.

"చెయ్యి మండిపోతుండాది, వద్దు మొర్రో అంటే వినలా. నువ్వు ఇంటికాడ ఉన్నా నీ చెయ్యి నాతోనే ఉంటాది అన్నాడు. మూడు దినాలు అన్నం ఎడంచేత్తో తినుండా. పిచ్చోడు."

లాగ్ 9. సెప్టెంబరు 2

నాలుగింటికి దున్న దంతె మీద ఏదో మోసుకొచ్చింది. దిమ్మ మీద దించింది. జానెడు మందాన నాచు పట్టిన ఫైబరు ముక్క, గుమ్మం తలుపులో సగం ఉంటుంది. పడవ మొన దగ్గరి భాగం. సుడి దగ్గర, అడుగున దొరికిందట. మస్తానమ్మ చూడమన్న చోటే.

నాచు గీకిన మేర లోపలి వైపు ఒక అరచెయ్యి అచ్చు. వేళ్ళు విప్పి, కుడి చెయ్యి.

"ఇది హక్కుదారు పడవ భాగమైనచో శవమునకు బదులుగా పరిగణించబడి, పడవ మునిగినట్లును, హక్కుదారు మరణించినట్లును భావించబడును," అని చదివింది దున్న. "నోటీసు వారసురాలికి ఇచ్చి నేడే తొలగింపు జరుగును. ఈ వస్తువును గుర్తింపగలరా?"

ఏడుకొండలు ఆ పడవలో పదేళ్ళు తిరిగిన మనిషి. "మా రేవులో ఇట్టాంటి పడవ లేదే," అన్నాడు, ఎటో చూస్తూ.

దున్న మస్తానమ్మ వైపు తిరిగింది. ఆమె ముక్కను చూడటం లేదు. దాని పక్కన నేలను చూస్తోంది. పెదాలు బిగించి ఉన్నాయి. అప్పుడు నాకు గడ్డి గుర్తులేదు, ప్రమాణంగా చెబుతున్నాను. అవునను అక్కా, నీదేనని చెప్పుకో, గడ్డి పోతే పోయిందని అరవాలనిపించింది. అరవలేదు.

"మాది కాదు," అంది.

"అచ్చులో చేతి ముద్ర ఉన్నది. సరిపోల్చవలెను. చెయ్యి ఉంచుడు."

మస్తానమ్మ చెంగుతో చెయ్యి తుడుచుకుని, రోజూ పెట్టినట్టే, పలక మీద పెట్టింది. దున్న లోపల ఏదో గిర్రున తిరిగింది. ఒకసారి. రెండోసారి.

"ముద్ర సరిపోలలేదు. సదరు వ్యక్తి హాజరు కాలేదు."

ఆరేళ్ళుగా ఈ మాట విని బూతులు తిట్టే మనిషి ఇవాళ నెమ్మదిగా తల ఊపింది.

"అవునయ్యా. నేను రాలేదు."

"వస్తువు ఎవరికీ చెందనిది. చెత్త కేంద్రమునకు తరలించబడును."

అప్పుడు నేను ముందుకొచ్చాను. పదకొండేళ్ళ ఉద్యోగంలో నేను వేగంగా చేసిన పని అదొక్కటే. ముక్క అంచున రెండు గడ్డి పరకలు పట్టుకుని ఉన్నాయి, వాటిని చూపించాను. "పరిశోధన నమూనా. శాఖ తరఫున స్వాధీనం చేసుకుంటున్నాను." సంతకం పెట్టాను. నా ముద్ర సరిపోయింది. నేను హాజరైనట్టే.

లాగ్ 10. సెప్టెంబరు 3

పొద్దున్నే పాటు నీళ్ళు. ముక్కను పడవలో మా ఇద్దరి మధ్యా పెట్టుకున్నాం. బస్టాండు హద్దు దగ్గర మస్తానమ్మ ఎప్పటిలాగే ఇంజను ఆపుతుందనుకున్నాను. ఆపలేదు. తెడ్డు వేసుకుంటూ లోపలికి నడిపించింది. ఆరేళ్ళలో మొదటిసారి.

కిందికి చూసింది. గడ్డి ఒక పక్కకు వాలి ఉంది, బెంచీలు కనిపిస్తున్నాయి.

"ఇదేనా నీ గడ్డి?"

"నాది కాదక్కా. ఆయనదే."

ఆమె ముక్క మీదికి వంగి కుడి చెయ్యి అచ్చులో పెట్టింది. వేళ్ళు వేళ్ళలో కూర్చున్నాయి. చిటికెన వేలు దగ్గర కొంచెం వదులు, వయసుకు చెయ్యి చిక్కింది. అలా ఎంతసేపు ఉందో నేను చూడలేదు, అటు తిరిగి కూర్చున్నాను. ఏడ్చింది. నన్ను తిట్టింది కూడా, ఆరేళ్ళ కిందట తిట్టాల్సిన తిట్లన్నీ, ఒక్కటీ వదలకుండా. నేను విన్నాను. ఇన్నాళ్ళూ వాటి కోసమే కాచుకుని ఉన్నానని తిడుతుంటేనే తెలిసింది.

తర్వాత ముక్క అందించింది. నేను తీసుకుని మునిగాను. నాలుగో నంబరు ప్లాట్‌ఫాం పక్కన, గడ్డి దట్టంగా ఉన్నచోట, అచ్చు పైకి కనిపించేలా పడుకోబెట్టాను. పైకొచ్చేసరికి ఆమె బిళ్ళను సంచిలోంచి తీసి చూసుకుని, మళ్ళీ సంచిలోనే వేసి మూతి బిగిస్తోంది.

మేం తిరిగొచ్చేసరికి దున్న దిమ్మ దగ్గర ఎండలో ఛార్జింగు పూర్తి చేసుకుని బయల్దేరబోతోంది.

"నేటి వెతుకులాటకు సూచనలు ఏమైనా కలవా?" అని అడిగింది.

మస్తానమ్మ మొహం కడుక్కుని, చెంగుతో తుడుచుకుని, దాని ముందుకెళ్ళి నిలబడింది.

"ఈసారి బాగా దూరం పోయి చూడయ్యా," అంది. "దగ్గర్లో లేడు ఆయన."